మారల్ లోయలో చెంగయ్య మూట

చింతపండు పిప్పితో ఇత్తడి చెంబు అడుగు తోముతున్న రత్నమ్మ చెయ్యి టక్కున ఆగిపోయింది. తరతరాల మసి వదిలిపోయి, దాని కింద నుంచి చుక్కలు బయటపడుతున్నాయి. పాత్రల మీద పేర్లు చెక్కేవాళ్లు ఉలితో వేసే చుక్కలే అవి. కానీ అవి పేరు కాదు. గుర్రం చెవుల్లా నిక్కబొడుచుకున్న రెండు కొండలు, వాటి మధ్య నుంచి వచ్చి రెండుగా చీలిన వాగు, ఎడమ పాయ చివర బానపొట్ట వేసుకున్న ఒక చెట్టు, ఆ చెట్టు వెనక ఒక సున్నా.

"ఓరి దేవుడో!" అంది రత్నమ్మ. ఆమె గూడూరు బాలికల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. అంత తేలిగ్గా ఆశ్చర్యపడే రకం కాదు. అయినా ఆవేళ కుళాయి కట్టెయ్యడం కూడా మరిచిపోయింది.

ఆ చెంబు ఆమె భర్త ముత్తాత గుర్రాల చెంగయ్యది. దొరల కాలంలో ఆస్ట్రేలియా నుంచి మద్రాసు రేవుకు గుర్రాలు దిగేవి. వాటిని సాకే పనికి కుదిరి, చెంగయ్య ఒక తిరుగు ఓడలో ఆ దేశం వెళ్లాడు. కొన్నేళ్లకు అతని జతగాడొకడు ఈ చెంబు తెచ్చి చెంగయ్య భార్య కోటమ్మ చేతిలో పెట్టి, "నీ మొగుడికి బంగారం దొరికింది. అది తీసుకుని వెనక ఓడలో వస్తానన్నాడు" అని చెప్పాడట. వెనక ఓడ వచ్చింది, దాని వెనకవీ వచ్చాయి. చెంగయ్య మాత్రం రాలేదు. బంగారం చేతికందగానే పెళ్లాన్ని మరిచి అక్కడే ఎవత్తినో కట్టుకున్నాడని ఊరు తీర్మానించింది. ఆ ఎత్తిపొడుపు ఆ ఇంటి పెద్దకోడళ్లందరికీ చెంబుతో పాటు సంక్రమించింది.

రత్నమ్మ చెంబు అడుగును ఫోటో తీసి మరిది కోదండానికి పంపింది. అతను ఉత్తర ఆస్ట్రేలియాలో, డార్విన్ ఊళ్లో బేకరీ నడుపుతున్నాడు. అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"వదినా! ఆ చెవుల కొండలు నేను చూసినా! మారల్ నేషనల్ పార్కులో ఉండాయి. నువ్వు బయల్దేరి వచ్చెయ్!"

రత్నమ్మ బయల్దేరింది. ఎందుకు బయల్దేరిందో దాచుకోలేదు కూడా. పెళ్లైనప్పటి నుంచి అద్దె ఇళ్లలోనే బతికింది. భర్త పోయినప్పుడు శవాన్ని వాకిట్లో పెట్టడానికి ఇంటి ఓనరును అడగాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. పోయేలోగా సొంత గుమ్మానికి పసుపు రాయాలి. ఏ కొండకు పోయినా దారి పక్కన రాయి మీద రాయి పేర్చి, ఇల్లు కట్టించు స్వామీ అని మొక్కుకునేది. మొక్కి మొక్కి ఆమె పేర్చిన రాళ్లన్నీ కలిపితే ఈపాటికి నిజంగానే ఒక ప్రహరీ లేచేది.

* * *

మారల్ పార్కులో రోడ్డు లేదు, దుకాణం లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఎర్ర నేల, మోకాలెత్తు సూదిగడ్డి, దాని మీద పొయ్యి మీది పెనం లాంటి ఎండ. ఇంకో వారమో రెండు వారాలో అయితే వానలు దిగి పార్కు మూతపడుతుంది. వాళ్లను జీపులో తీసుకొచ్చిన ఎడ్నా ఆ పార్కు రేంజరు. ఆ నేల ఆమె జాతివాళ్లది. వాళ్ల ముసలివాళ్లు ఎందరో ఆ కొండల్లోనే నిద్రపోతున్నారని చెప్పింది. గుర్రం చెవుల్లాంటి ఆ రెండు కొండల నడుమ, లోయ మొదట్లో జీపు ఆపి, రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుని తన భాషలో గట్టిగా ఏదో పిలిచింది.

"మీరెవరో మా పెద్దవాళ్లకు చెప్పాను. కొత్తవాళ్లు వస్తే చెప్పి రావాలి" అంది ఇంగ్లీషులో. "ఇప్పుడు వినండి. రాళ్ల గుట్టలు చూసుకుంటూ నడవండి. మూడో మడుగు దాటొద్దు. నేను పైన గట్టు మీద ఉండి రేడియోలో వాన కబురు వింటుంటాను. జీపు హారన్ వినిపిస్తే పరుగెత్తుకు రండి. ఇక్కడ ఆకాశం నీలంగానే ఉంటుంది, ఎగువన ఎక్కడో కురిసిన వాన మాత్రం ఈ లోయలోకి వస్తుంది. ఇంకో మాట. ఇక్కడి నుంచి గులకరాయి కూడా తీసుకెళ్లకూడదు."

కోదండం వినయంగా తల ఊపాడు. అతని వీపు మీది ఖాళీ సంచీని చూసి రత్నమ్మ నవ్వాపుకుంది.

లోయ లోపల రెండు వైపులా సున్నపురాతి గోడలు నిలువునా లేచి ఉన్నాయి. అడుగున గుండ్రాళ్లు, వాటి మధ్య పచ్చటి మడుగులు. మొదటి మడుగు పక్కనే ఎవరో పేర్చిన రాళ్ల గుట్ట కనిపించగానే రత్నమ్మ ముఖం వెలిగిపోయింది.

"చూసినావా మరిదీ! ఈళ్లకీ ఇల్లు మొక్కు ఉండాది!"

"అవి దారి చూపించే గుర్తులు వదినా. ఆమె చెప్పింది ఆటి గురించే."

"నీకు తెలీదులే, పో." రత్నమ్మ చదునైన రాళ్లు ఏరి, పక్కనే తనదొకటి పేర్చి, కొసకు కలశంలా ఒక మొనరాయి నిలబెట్టింది. చేతిసంచిలోంచి కుంకుమ తీసి బొట్టు కూడా పెట్టింది. ఒక్క గుట్టతో ఆగే మనిషి కాదుగా! మలుపు మలుపుకూ ఒకటి కట్టుకుంటూ నడిచింది.

రెండో మడుగు దగ్గర ఆమె చెయ్యి చాపిన నల్లటి బండ కళ్లు తెరిచింది. ముక్కు పొడుగున పళ్లు బయటపెట్టి ఒక్క క్షణం ఆమెను చూసి, ఛళ్లున నీళ్లలోకి జారింది.

"మొసలి! మొసలిరా కోదండం!" రత్నమ్మ అరుపుకు గోడల మీది కొంగలు లేచిపోయాయి.

"సన్నమూతిది వదినా, మనల్ని తినదు!" అన్నాడు కోదండం. అప్పటికే అతను ఆమెకంటే నాలుగు బండలు ఎత్తున ఉన్నాడు.

వాగు చీలిన చోట వాళ్లు ఎడమ పాయలోకి తిరిగారు. అక్కడ పార్కువాళ్ల గుర్తులు లేవు. రత్నమ్మ గుట్టలు మాత్రం వరసగా లేచాయి. పాయ చివర నిజంగానే ఆ చెట్టు ఉంది! నిండు గర్భిణిలా ఉబ్బిన మొద్దు, తల మీద నాలుగు ఎండు కొమ్మలు. చెంబు మీద చూసిన చెట్టే కళ్ల ముందు నిలబడింది. కోదండం పరుగున వెళ్లి చెట్టు చుట్టూ తిరిగాడు, వెనకున్న గోడను తట్టాడు, తడిమాడు, మర్రిజాతి తీగవేళ్లను ఎత్తి చూశాడు. ఎక్కడా కన్నం లేదు.

"సున్నా అంటే ఏమీ లేదనేమో" అన్నాడు చివరికి, నీరసంగా.

నవ్వొచ్చింది గానీ రత్నమ్మ నవ్వలేకపోయింది. విమానం ఎక్కినప్పటి నుంచి మనసులో కట్టుకుంటున్న రెండు గదుల ఇల్లు ఆ గోడ ముందు కూలిపోయింది. అయినా చెట్టు మొదట్లో ఒక గుట్ట పేర్చి, "పదరా, వెనక్కి పోయి కుడి పాయలో ఆ మూడో మడుగన్నా చూసి పోదాం" అంది.

మూడో మడుగులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారో లేదో, దూరంగా జీపు హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. రత్నమ్మ తలెత్తింది. ఆకాశం నీలంగా, కడిగిన పళ్లెంలా ఉంది. కానీ మడుగులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"లే! పరుగు!" డ్రిల్లు టీచరు గొంతు లేచింది. "వెనక్కి చూడొద్దు! గుట్టలు పట్టుకుని పరుగెత్తు!"

పరుగెత్తారు. ఏ బండ చూసినా ఒకేలా ఉంది, ఏ మలుపు చూసినా వచ్చినదానిలాగే ఉంది. ఒక గుట్ట కనిపించింది, దాని తర్వాత ఇంకోటి, ఇంకోటి. దారి సరిగ్గానే ఉందని ధైర్యం వచ్చింది. రొప్పుతూ చివరి మలుపు తిరిగేసరికి ఎదురుగా బానపొట్ట చెట్టు నిలబడి ఉంది.

కోదండం నోరు వెళ్లబెట్టాడు. రత్నమ్మ పక్కనున్న గుట్ట వైపు చూసింది. కొసన మొనరాయి, దాని మీద ఎర్రటి కుంకుమ బొట్టు.

"ఇవి నావిరా" అంది గొణుగుతూ. "నేను పేర్చినవే. నా మొక్కులే మనల్ని ఇక్కడికి ఈడ్చుకొచ్చినాయి."

కోదండం బదులు చెప్పేలోగా వెనక నుంచి ఒక హోరు వినిపించింది. రైలు వంతెన కింద నిలబడితే వినిపించే హోరది. మలుపు చాటు నుంచి నీళ్లు నడుమెత్తున నిలువుగా లేచి, దుంగలనూ బండలనూ దొర్లించుకుంటూ, ఎర్రగా వస్తున్నాయి.

"చెట్టెక్కు!"

మొద్దు నున్నగా ఉంది, పట్టు లేదు. వెనక గోడ మీది తీగవేళ్లు పట్టుకుని ఇద్దరూ పైకి పాకారు. నీళ్లు వాళ్ల మడమలు తడుపుతూ కింద నుంచి దూసుకుపోయాయి. చెట్టు కొమ్మల ఎత్తుకు చేరాక రత్నమ్మ ఒక వేళ్ల గుత్తి పట్టుకుని లాగింది. అది తెరలా పక్కకు తప్పుకుంది. వెనక గుండ్రటి చీకటి. సున్నా!

చెంగయ్య గీసింది కిందున్న కన్నం కాదు, ఇంత ఎత్తున, వేళ్ల చాటున ఉన్నది. సంతోషించే వ్యవధి ఎక్కడిది? నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు చీకట్లోకి దూరారు.

* * *

ఫోను వెలుతుర్లో మోకాళ్ల మీద పాకుతూ పోయారు. సొరంగం కొంత దూరం పల్లానికి దిగి, ఒక పెద్ద గుహలోకి తెరుచుకుంది. గుహ కప్పులో ఒక కంత ఉంది. దాని గుండా పగటి వెలుగు స్తంభంలా దిగుతోంది. ఆ వెలుగు సరిగ్గా పడే చోట, నేల మీద నుంచి నిలువెత్తుకు పైగా లేచి ఉంది ఒక రాళ్ల గుట్ట.

రత్నమ్మ నిలబడిపోయింది. చదునైన రాయి మీద చదునైన రాయి. ఎంత ఓపికగా పేర్చారో! పైనుంచి కారిన సున్నపునీరు రాళ్లన్నిటినీ అతికేసి, గుట్టంతా ఒకే రాయిగా బిగుసుకుపోయింది.

"ఇది నేను పేర్చింది కాదు" అంది ఆమె. ఆ మాట అనవసరమని తెలుసు, అయినా అనకుండా ఉండలేకపోయింది. "మనోళ్లెవరో ఇల్లు మొక్కుకున్నార్రా, ఇక్కడ!"

గోడ వారగా అరుగులాంటి బండ మీద కోదండం వెలుతురు వేశాడు. ఎముకలు! ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నట్టే, సున్నపునీటికి బండకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒక తొడ ఎముక మధ్యకు విరిగి పక్కకు వాలి ఉంది. ఆ ఎముకల పక్కన ఒక ఇత్తడి పళ్లెం. రత్నమ్మ దాని అంచు తుడిచింది. చుక్కలు, చుక్కలతో అక్షరాలు, తెలుగు అక్షరాలు.

గు. చెంగయ్య.

ఎక్కడి గూడూరు, ఎక్కడి గుహ! పెళ్లైన నాటి నుంచి పారిపోయినవాడని వింటున్న మనిషి, పళ్లెం పక్కన పెట్టుకుని, ఇక్కడ కూర్చుని ఉన్నాడు. రత్నమ్మ విరిగిన కాలు చూసింది. గుట్టను చూసింది. గుట్ట పైనున్న కంతను చూసింది.

"ఇల్లు కాదురా కోదండం. ఇవి మెట్లు."

"ఏంది వదినా?"

"కాలు విరిగింది, వచ్చిన దారిలో నీళ్లు నిండినాయి. ఆ కంతలోంచి బయటపడాలని ఒక్కో రాయీ ఈడ్చుకొచ్చి పేర్చుకున్నాడు, కుంటుకుంటూ. అందలేదు."

కోదండం గుట్ట పైకి ఎక్కి చూసి కెవ్వున అరిచాడు. అన్నిటికంటే పైన ఉన్నది రాయి కాదు. సున్నం పట్టి గట్టిపడిన తోలు మూట, తలగడ అంత ఉంది. కుట్టు ఊడిన చోట తెల్లటి రాళ్లు కనిపిస్తున్నాయి, వాటి నిండా పసుపు పచ్చటి బంగారు నరాలు, నడుమ చింతగింజలంత ముద్దలు మెరుస్తున్నాయి.

"వదినా! ఇల్లు! నీ ఇల్లు వదినా! మేడ!"

అతను ఒక ముద్దను పీకాడు. మూట ఒక పక్కకు కుంగింది. సరిగ్గా అప్పుడే సొరంగంలోంచి గళగళమని నీళ్లు గుహలోకి దూకాయి. రెప్పపాటులో కింద ఉన్న రత్నమ్మ పాదాలు మునిగాయి, మోకాళ్లు మునిగాయి. ఎర్రటి నీళ్లు గుహ చుట్టూ గిర్రున తిరగసాగాయి.

"తీసింది మళ్లీ మూటలో పెట్టు! మూట కదిలించొద్దు!" రత్నమ్మ గుట్ట ఎక్కుతూ అరిచింది. "ముందు నీ భుజాలు ఇయ్యి! నిలబడు! కదలొద్దు!"

కోదండం ముద్దను మూటలోకి దోపి, గుట్ట మీద కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. ఆమె అతని మోకాలు మీద, అక్కడి నుంచి భుజాల మీద కాలు పెట్టి లేచింది. ఎన్నో బ్యాచుల ఆడపిల్లల చేత పిరమిడ్లు కట్టించిన మనిషి, ఇవాళ ఆ పిరమిడ్డు కొసకు తానే ఎక్కింది. కంతలోంచి వేలాడే మర్రివేరు చేతికి అందింది. మోచేతులు చీరుకుపోతుండగా పైకి లాక్కుని, ఎండలో బోర్లా పడింది. డ్రిల్లు టీచరు రోజుల నుంచి మెడలోనే ఉన్న విజిల్ తీసి ఊపిరున్నంత సేపు ఊదింది. వెంటనే పంజాబీ డ్రెస్సు మీది చున్నీ విప్పి వేరుకు కట్టి కిందికి వదిలింది.

కోదండం చెయ్యి చాపాడు. చున్నీ కొసకూ అతని వేళ్లకూ మధ్య జానెడు తక్కువ.

"అందడం లేదు వదినా!"

అప్పుడు చూసింది రత్నమ్మ. అతని కాళ్లు మూటకు అటొకటీ ఇటొకటీ, రాళ్ల అంచుల మీద జారుతున్నాయి. అంత ప్రమాదంలోనూ మూట మీద కాలు పెట్టలేదు.

"మూట మీదికెక్కు!"

"బంగారం వదినా! లక్ష్మి! కాలితో ఎట్టా తొక్కేది!"

ఆమెకు కోపం రాలేదు, భయమేసింది. రోడ్డు మీద రూపాయి కాలికి తగిలితే వంగి కళ్లకద్దుకునే వంశం వాళ్లది. తను మాత్రం తక్కువా? ఇందాక అతని మోకాలు మీద కాలు వేసింది కూడా ఆ మూట తగలకూడదనే. నీళ్లు అతని తొడలకు వచ్చాయి. అతని ముఖం పాలిపోయి, చిన్నప్పుడు తప్పిపోయి దొరికిన పిల్లాడి ముఖంలా అయింది. ఆ క్షణంలో రెండు గదులూ, గుమ్మమూ, పసుపూ అన్నీ ఆమె మనసులోంచి కొట్టుకుపోయాయి.

"తొక్కరా! ఆ మూట అక్కడ పెట్టింది ఎవరనుకున్నావు? మీ ముత్తాత! రాళ్లన్నీ అయిపోయినాక ఆయన బంగారం కూడా కాలి కింద పెట్టుకున్నాడు! తొక్కు!"

కోదండం ఉలిక్కిపడి మూట వైపు చూశాడు. వంగి, తడి వేళ్లతో దాన్ని తాకి, కళ్లకద్దుకున్నాడు. రెండు కాళ్లూ దాని మీద పెట్టి ఎగిరాడు. చున్నీ కొస చేతికి చిక్కింది.

అతని బరువుకు మూట పగిలింది. తెల్లరాళ్లు, పచ్చటి ముద్దలు బొలబొలా జారి, వెలుగు స్తంభంలో ఒక్కసారి తళుక్కుమని, సుడిలో కలిసిపోయాయి. రత్నమ్మ అటు చూడనే లేదు. ఆమె చూపంతా పైకి వస్తున్న రెండు చేతుల మీదే ఉంది. చున్నీ చిరిగే చప్పుడు వినిపించింది. బోర్లా పడుకుని, అతని మణికట్టు దొరకబుచ్చుకుని, పళ్లు బిగించి లాగింది. బేకరీ పొట్ట కంతలో ఇరుక్కుంది.

"ఊపిరి వదులు! పొట్ట లోపలికి లాగు! వన్, టూ..."

మరో రెండు నల్లటి చేతులు వచ్చి అతని రెండో చెయ్యి పట్టుకున్నాయి. విజిల్ విని గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చిన ఎడ్నా! ఇద్దరూ కలిసి లాగితే కోదండం చొక్కా లేకుండా, వీపు చీరుకుని, నేల మీదికి వచ్చి పడ్డాడు.

కింద నీళ్లు గుహ కప్పును కొడుతున్న మోత వినిపిస్తోంది. పైన ఆకాశం ఇంకా నీలంగానే ఉంది.

"పోయింది వదినా" అన్నాడు కోదండం వెక్కుతూ. "నా కాలి కిందే పోయింది. నీ ఇల్లు నేనే తొక్కి పారేసినాను."

రత్నమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచిన చేత్తోనే అతని తల దగ్గరికి లాక్కుని భోరుమని ఏడ్చింది. భర్త పోయిన రోజున కూడా ఓనరు ముందు ఏడవకుండా దాచుకున్న ఏడుపంతా వచ్చేసింది.

"ఏం ఇల్లురా! నిన్ను అక్కడ వదిలేసి ఏ ఇంట్లో కూర్చునేదాన్ని!"

ఏడుపు తగ్గాక ఆమె ఎడ్నాకు వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పింది. గుర్తులు లేని పాయలోకి ఎందుకెళ్లారో, కింద ఎవరున్నారో, ఎన్నాళ్లుగా ఉన్నాడో, ఏమీ దాచలేదు. ఎడ్నా కోపంగానే వినడం మొదలుపెట్టింది, చివరికి టోపీ తీసి కంత వైపు తల వంచింది.

"ఇన్నాళ్లూ మా పెద్దవాళ్ల దగ్గరే ఉన్నాడన్నమాట" అంది. "నీళ్లు తగ్గాక మావాళ్లను పిలుచుకొస్తాను. ఆయన్ను ఏం చెయ్యాలో అందరం కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు నువ్వు ఏదైనా చెప్పుకోవాలంటే చెప్పుకో. గట్టిగా చెప్పు, వినపడాలి."

రత్నమ్మ కంత పక్కన మోకరిల్లింది. అరచేతులు నోటి చుట్టూ పెట్టుకుంది. మైదానం ఆ కొసనున్న పిల్లలను పిలిచే గొంతుతో, నీళ్ల హోరును మించి, గుహలోకి పిలిచింది.

"చెంగయ్య తాతా! నేను గూడూరు నుంచి వచ్చినా, నీ ఇంటి పెద్దకోడల్ని! నువ్వు ఎవురినీ మరిచిపోలేదని ఊళ్లో అందరికీ చెప్తా! బంగారాన్ని కాలికిందేసుకుని ఇంటికి వస్తానే ఉండినావని చెప్తా!"